తిమ్మమ్మ శోకం

సమ్మె మొదలైన ఎనిమిదో రోజు మధ్యాహ్నం జయశ్రీ ఫోన్ చేసింది. 2011 సెప్టెంబరు అది. తెలంగాణ కోసం ఆఫీసులన్నీ మూతపడ్డాయి. మా ఆఫీసు గేటుకు కూడా తాళం పడింది. ఇరవై ఏడేళ్ల ఉద్యోగంలో పనిరోజున మధ్యాహ్నం పూట ఇంట్లో ఉండటం నాకు అలవాటు లేదు. అత్తమ్మకు పక్కగుడ్డలు మార్చి, చేతులు కడుక్కుంటుంటే ఫోన్ మోగింది.

"సులోచనా, మా కోయిర్‌ల ఆల్టో పాడేటోళ్లు నలుగురే ఉన్నరు. అండ్ల ఒకామెకు మోకాళ్లు, ఇంకొకామెకు మనవరాలు పుట్టింది. నువ్వు రావాలె," అంది.

జయశ్రీ, నేను మిషన్ బడిలో పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నాం. బడి కోయిర్‌లో ఇద్దరం పాడేవాళ్లం. తను సంగీతం టీచరై, నారాయణగూడలో ఒక పాత చర్చి వెనక హాల్లో నలభై మందితో బృందగానం నడుపుతోంది. నేను పెళ్లయ్యాక మంగళహారతులు తప్ప ఏమీ పాడలేదు.

"నాకిప్పుడు గొంతేడుందే?" అన్నాను.

"గొంతు ఎవరడిగిన్రు? శ్రుతి తప్పకుంటే సాలు. మూడింటి నుంచి అయిదు దాకా. నవంబర్‌ల ప్రోగ్రామ్."

"బస్సుల్లేవు గదా."

"అశోక్‌నగర్ నుంచి నారాయణగూడకు బస్సెందుకు? నడువు."

నిజం చెప్పాలంటే పాట కోసం వెళ్లలేదు నేను. రోజుకు రెండు గంటలు ఇంట్లోంచి బయట పడటం కోసం వెళ్లాను. అత్తమ్మ పక్షవాతంతో మంచం పట్టి రెండేళ్లవుతోంది. కుడివైపు పడిపోయింది. సగం మాటలే వచ్చేవి. ఆ సగం కూడా మాకు అర్థమయ్యేది కాదు. మా ఆయన గోవర్ధన్‌కు సుల్తాన్ బజార్‌లో చీరల ఫాల్సు, లైనింగు గుడ్డలు అమ్మే దుకాణం. తల్లంటే ప్రాణమే, కానీ ఆమెను ఆ స్థితిలో చూడలేకపోయేవాడు. పొద్దున దుకాణానికి పోయే ముందు గుమ్మంలో నిలబడి, "అమ్మా, మంచిగున్నవా?" అని అడిగి, జవాబు వచ్చేలోపు చెప్పులేసుకునేవాడు. మా అమ్మాయి సంయుక్త చదువు బెంగళూరులో. మిగిలింది నేను, తిమ్మమ్మ.

తిమ్మమ్మది మహబూబ్‌నగర్ జిల్లా, మక్తల్ దిక్కు. పదేళ్లు పుణెలో, బొంబాయిలో బిల్డింగుల మీద తట్టలు మోసి, నడుం పోయాక హైదరాబాద్ వచ్చింది. రాంనగర్ దగ్గర బస్తీలో ఉండేది. ఆ ఏడు ఉగాదికి ముందు మా దగ్గర కుదిరింది. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా అత్తమ్మను చూసుకునేది. అంతకుముందు ఇద్దరు ఆడవాళ్లు మానేశారు. ఈమె మానలేదు. అత్తమ్మ సగం మాటలు ఆమెకు మొత్తం అర్థమయ్యేవి.

"పెద్దమ్మకు కిటికీ తెరువాల్నంట," అనేది.

"ఆమె అన్నది 'కి' అనే గదా?"

"అదేనక్కా. కిటికీ."

*

హాల్లో మొదటి రోజు జయశ్రీ నా చేతిలో జిరాక్సు కాగితాల కట్ట పెట్టింది. వందేళ్లు దాటిన ఫ్రెంచి రెక్వియమ్. చనిపోయినవాళ్ల కోసం చర్చిలో పాడే ప్రార్థన అది. మాటలు లాటిన్‌వి. మొదటి మాటకు అర్థం విశ్రాంతి అని జయశ్రీ చెప్పినప్పుడు పక్కనున్న మోకాళ్లావిడ గట్టిగా నిట్టూర్చింది. అందరం నవ్వాం.

ఆల్టో అంటే ఆడవాళ్ల గొంతుల్లో కింది వరుస. అసలు పాట పై వరుసవాళ్లది, సొప్రానోలది. మేము దాని కింద ఒకటే స్వరం మీద చాలాసేపు నిలబడాలి. తరువాత అర మెట్టు దిగాలి. మళ్లీ నిలబడాలి. నాకది నచ్చింది. ఎవరికీ వినబడని చోట పని చేయడం నాకు కొత్త కాదు. మధ్యలో కరెంటు పోయేది, గనుల సమ్మెతో బొగ్గు లేక ఊరంతా కోతలు. కీబోర్డు ఆగిపోయేది. జయశ్రీ ఆగేది కాదు. చేత్తో తొడ మీద తాళం కొడుతూ, ఆ ఉక్కలో చెమటలు కారుతుండగానే మా చేత పాడించేది.

ప్రోగ్రామ్‌లో రెండో సగం కొత్త రచన. రాసిన అబ్బాయి అభిజిత్‌కు ఇరవై ఏడేళ్లుంటాయి. దోమలగూడలో ఒక స్కూల్లో సంగీతం చెప్తాడు. ఈ నగరం కడుతూ ప్రాణాలు పోగొట్టుకున్న కూలీల కోసం రాశాడు. 'మోసినవాళ్లు' అని పేరు పెట్టాడు. బాణీ బాగుంది. మాటలే కుదరలేదు. 'ఓ శ్రమజీవీ, నీ త్యాగం చిరస్మరణీయం' అంటూ సాగేది.

రెండుసార్లు పాడించి జయశ్రీ కాగితం కింద పెట్టింది. "అభిజిత్, ఇది సంతాప తీర్మానం లెక్కుంది బేటా. ఎవరింట్ల మనిషి పోతే ఇట్ల ఏడుస్తరు?"

అతని ముఖం ఎర్రబడింది. "నాకు తెల్సు మేడం. మా ఇంట్ల ఎవ్వరు ఏడ్వంగ నేను చూడలే. మా తాత పోయినప్పుడు కూడ అందరు లోపలికి పోయి తలుపేసుకున్నరు." తరువాత మా వైపు తిరిగి, "ఆంటీ, మీకెవరికన్న శోకాలు వస్తే చెప్పున్రి. ఊర్లల్ల పాడి ఏడుస్తరు చూడున్రి, అసలైంది. ఒక్కటి దొరికితే మొత్తం మార్చి రాస్త," అన్నాడు.

ఎవరికీ రావు. అందరం సిటీలోనే పుట్టి పెరిగినవాళ్లం.

ఇంటికొచ్చి గోరుచిక్కుడు తుంచుతూ నా వరుస గొణుక్కుంటున్నాను. అత్తమ్మకు జావ కలుపుతున్న తిమ్మమ్మ ఆగి వింది.

"ఏం పాటక్కా అది? ముక్కలు ముక్కలుంది."

"నా వంతు గంతే. అసలు పాట వేరేటోళ్లు పాడ్తరు. నేను కింద పట్టుకోని ఉంటా."

"తట్ట అందిచ్చినట్టా," అంది. "దేని పాట?"

"చనిపోయినోళ్లకు విశ్రాంతి ఇయ్యి దేవుడా అని."

తిమ్మమ్మ జావ గిన్నె గట్టు మీద పెట్టి నవ్వింది. "సచ్చినోళ్లకు ఇంకేం విశ్రాంతక్కా? జర బతికున్నోళ్లకు అడుగున్రి."

నేనూ నవ్వాను. ఆ ఊపులో అడిగాను, "నీకు పిల్లలెంతమంది తిమ్మమ్మా?"

"ఒక్క బిడ్డ ఉండె."

ఉంది అనలేదు, ఉండె అంది. నాకు వినబడింది. అడగాల్సిన మాట నాలుక దాకా వచ్చింది. కానీ అడిగితే ఆమె చెప్తుంది. చెప్తే వినాలి. పొద్దున అయిదింటి నుంచి నిలబడే ఉన్నాను. గోరుచిక్కుడు గిన్నె తీసుకుని పొయ్యి వైపు తిరిగాను.

*

దసరా వెళ్లిన నాలుగో రోజు సోమవారం, పదకొండు గంటలకు తిమ్మమ్మ గదిలోంచి పిలిచింది. "అక్కా, జర రాన్రి." ఎప్పుడూ లేనంత మెల్లగా పిలిచింది. ఆ గొంతులోనే నాకు తెలిసిపోయింది.

అత్తమ్మను కూర్చోబెట్టి తల దువ్వుతోందట. సగం జడ అల్లింది. మిగతా సగం అల్లుతుండగా అత్తమ్మ తల ఆమె చేతి మీదికి వాలింది. నేను వెళ్లేసరికి ఆ జడ కొసను అలాగే పట్టుకుని కూర్చుంది.

గోవర్ధన్ ఎవరి స్కూటర్ వెనకనో ఎక్కి వచ్చాడు. రాంనగర్ నుంచి మా ఆడబిడ్డ, చిక్కడపల్లి నుంచి ఇద్దరు ముగ్గురు చుట్టాలు నడిచే వచ్చారు. నేను గంట సేపు ఫోన్ చేతిలోంచి దించలేదు. ఒకరి తరువాత ఒకరికి చెప్తూనే ఉన్నాను. నాకు ఏడుపు రాలేదు. గంధం ఎక్కడుంది, పెద్ద బకెట్ ఎవరింట్లో ఉంది, సంయుక్త బస్సులు లేకుండా ఎట్లా వస్తుంది, ఇవే నా ఆలోచనలు. వీటి అడుగున ఇంకొకటి కూడా ఉంది. రేపటి నుంచి నిద్రపోవచ్చు అని. అది ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడే చెప్పడం.

ముందు గదిలో అత్తమ్మను కింద పడుకోబెట్టారు. గోవర్ధన్ గోడకానుకుని నిలబడ్డాడు. కళ్లు పొడిగా ఉన్నాయి. అందరం అలాగే ఉన్నాం. నెమ్మదిగా మాట్లాడుకుంటున్నాం, పెళ్లిచూపుల ఇంట్లో లాగా. అప్పటిదాకా గది ఊడ్చి, పక్కగుడ్డలు మూటకట్టి బయట పెట్టిన తిమ్మమ్మ వచ్చి అత్తమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది. చెంపకు చెయ్యి ఆనించుకుంది. ఆమె ఏడుపు ఎత్తుకుంటుందని ఎవరూ అనుకోలేదు.

"నా తల్లో పెద్దమ్మా... సగం జడకే లేసిపోతివా తల్లో... పొద్దుగాల కిటికెవ్వరికి తీయాల్నే... నీ మాట నాకొక్కదానికి తెల్సునంటివే... ఇగ నాతోనెవ్వరు మాట్లాడ్తరే తల్లో..."

గొంతు ఎత్తుకుపోయింది. పై మెట్టులో ఒకసారి వణికి, ఒక్కసారిగా ఊపిరితో పాటు కిందికి దిగింది. మళ్లీ ఎక్కింది. నా చేతిలో ఫోనుంది.

సిగ్గుపడుతూనే చెప్తున్నాను. నాకు మొదట అత్తమ్మ గుర్తు రాలేదు. అభిజిత్ గుర్తొచ్చాడు. బొటనవేలు తనంతట తానే రికార్డు బటన్ నొక్కింది. ఫోన్ చీర కుచ్చిళ్ల పక్కన కిందికి పట్టుకుని నిలబడ్డాను.

మా ఆడబిడ్డ నా చెవి దగ్గరికొచ్చింది. "వదినా, ఆమెను జర ఆపమను. అపార్ట్‌మెంటోళ్లంత తలుపులు తీసి చూస్తున్నరు."

గోవర్ధన్ విన్నాడు. "ఉండనియ్యి," అన్నాడు. "ఒక్కరన్న ఏడుస్తున్నరు కద అమ్మకు."

అంతలో బండి వచ్చిందని కింది నుంచి పిలిచారు. ఆయన మెట్లు దిగి వెళ్లాడు. ఆయన దిగిన కాసేపటికి తిమ్మమ్మ ఏడుపు దారి తప్పింది. నేను దగ్గర నిలబడ్డాను కాబట్టి నాకు తెలిసింది.

"రెండు జడలేస్తనంటినే బిడ్డా... పుణెల ఉంటినే నర్మదా... రైలు దొరకకపాయె బిడ్డో నర్మదా... ఎనిమిదంతస్తులు ఎట్లెక్కినవే... ఇటుకలు దించనీకి నీతోని ఎవ్వరు లేకపాయెనా... మన్ను చేసినంక వస్తి నర్మదా... నీ మొకం సూడకపోతి..."

ఆమె కళ్లు అత్తమ్మ మీద లేవు. అత్తమ్మను దాటి ఎటో చూస్తున్నాయి. మిగతావాళ్లు ఇంకా అత్తమ్మ కోసమే అనుకుంటున్నారు. నేను ఫోన్ ఆపలేదు.

*

పదకొండో రోజు దినాలు అయ్యాక మర్నాడే హాలుకు వెళ్లాను. అందరూ పలకరించారు. అభిజిత్‌ను పక్కకు పిలిచి ఫోన్ ఇచ్చాను. అతను ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కిటికీ దగ్గర నిలబడి మొత్తం విన్నాడు. తీసేసరికి అతని కళ్లు తడిగా ఉన్నాయి.

"ఆంటీ, ఇదే. నేనెన్ని నెలలు వెతికిన్నో మీకు తెల్వదు."

జయశ్రీ వచ్చి తనూ వింది. ఆమె నా మొహంలోకి చూసి అడిగింది. "ఎవరీ నర్మద?"

"మా దగ్గర పనిచేసిన తిమ్మమ్మ బిడ్డ. కట్టే బిల్డింగ్ మీదికెళ్లి పడి పోయినట్టుంది."

"ఆమెను అడిగి తెచ్చినవా?"

"అడిగిన," అన్నాను.

ఎందుకన్నానో ఆ నిమిషాన నాకే తెలియదు. అడగలేదంటే రాంనగర్ పోవాలి, కూర్చోవాలి, మాట్లాడాలి. ఒక్క మాటతో అదంతా తప్పిపోయింది.

సమ్మె అయిపోయింది. ఆఫీసు మొదలైంది. సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా హాలుకు పోయేదాన్ని. వారం తిరిగేసరికి అభిజిత్ కొత్త కాగితాలు పంచాడు. సంతాప తీర్మానం ఒక్క ముక్క కూడా మిగల్లేదు. తిమ్మమ్మ మాటలే, ఆమె గొంతు ఎక్కి దిగిన తీరే. నాలుగు గొంతులకు పంచి రాశాడు. మొదట పెద్దమ్మ భాగం మగవాళ్లతో నెమ్మదిగా మొదలవుతుంది. తరువాత సొప్రానోలు ఒక్కసారి పైకి లేచి, "నర్మదా" అంటారు. మూడుసార్లు వస్తుంది ఆ పేరు, ప్రతిసారీ ఇంకాస్త పైన. కింద మేము ఒకే స్వరం పట్టుకుని ఉండాలి.

మొదటిసారి పాడిన రోజున మోకాళ్లావిడ కొంగు కళ్లకు అద్దుకుంది. వెనక వరుసలో ఒకాయన లేచి బయటికి పోయాడు. చదువుకున్న అమ్మాయిలు పది మంది, ఏనాడూ తట్ట ముట్టనివాళ్లు, నోరు గుండ్రంగా తెరిచి ఎంతో అందంగా నర్మదను పిలుస్తున్నారు. నేను పాడటం ఆపేశాను. పక్కావిడ మోచేత్తో పొడిచింది. అత్తమ్మ పోయిన బాధ అనుకుంది పాపం.

ఆ వారమంతా ఆఫీసులో ఫైలు ముందు పెట్టుకున్నా ఆ మూడు పిలుపులే వినబడేవి. ఆదివారం పొద్దున కూరగాయలకు పోతున్నానని గోవర్ధన్‌కు చెప్పి రాంనగర్ వెళ్లాను.

*

తిమ్మమ్మ గది ముందు బట్టలు ఉతుకుతోంది. చిక్కడపల్లిలో ఒక ముసలాయన దగ్గర పని దొరికిందట. నన్ను చూసి చేతులు తుడుచుకుని, బకెట్ బోర్లించి కూర్చోమంది.

"సారుకెట్లుందక్కా? తల్లి పోయినంక మగోళ్లకు కష్టమైతది."

మంచిగానే ఉన్నాడని చెప్పాను. తరువాత ఏం చెప్పాలో తోచక ఫోన్ తీసి వినిపించాను. బస్తీ రేడియోల మధ్య, కుళాయి దగ్గర కొట్లాట మధ్య ఆమె గొంతు చిన్నగా వచ్చింది. తిమ్మమ్మ ముందుకు వంగి వింది. మొదట గుర్తు పట్టలేదు. గుర్తు పట్టాక చేతిలో ఉన్న తడి రవిక ఒళ్లో పెట్టుకుంది. అయిపోయేదాకా కదల్లేదు.

"ఇదెప్పుడు పట్టుకున్నరక్కా?"

"ఆరోజే. నీకు చెప్పలే." అభిజిత్ సంగతి, పాట సంగతి చెప్పాను. మూడుసార్లు పేరు వస్తుందని చెప్పాను.

"ఆళ్లకేం జెప్పిన్రు మీరు?"

"నిన్ను అడిగి తెచ్చిన అన్న."

ఆమె నన్ను చూసింది. కోపం కాదు అది. ఇన్నాళ్లు తెలిసిన మనిషినేనా అన్నట్టు చూసింది. "గట్లెందుకు జెప్పిన్రు?"

"తెల్వదు తిమ్మమ్మా. అలిసిపోయి ఉంటి."

"అలిసిపోతే ఊకుంటరు గని, అబద్ధమాడ్తరా?"

అప్పుడు నర్మద సంగతి ఆమే చెప్పింది. మూడేళ్ల కిందటి సంగతి. నర్మదకు పంతొమ్మిదేళ్లు. తల్లి పుణెలో ఉంటే, మేనమామ వెంట హైదరాబాద్ పనికొచ్చింది. పడ్డదని ఫోన్ వచ్చిన రోజే శవాన్ని ఊరికి పంపేశారు. తిమ్మమ్మ వెళ్లేసరికి రెండో రోజు. మన్ను తడి కూడా ఆరింది. ఏడుద్దామంటే చుట్టుపక్కల వాళ్ల ఏడుపులు అప్పటికే అయిపోయాయి. వంటలు వండుకుంటున్నారు. ఆమె ఏడవకుండానే తిరిగి పనికి పోయింది.

"నా ఏడుపు పెద్దమ్మ పేరు మీద ఎల్లింది. తప్పైతే తప్పు. సారుకు చెప్పకున్రి."

"ఆ పాట ఆపమంట," అన్నాను. "మొత్తం తీసెయ్యమంట."

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఏడుపు ఉంచుకోన్రి. అది నా ఒక్కదానిదా? మా అవ్వ కాడ నేర్సుకున్న, మా ఊర్ల అందరు గట్లనే ఏడుస్తరు. పేరు తీసెయ్యున్రి."

"పేరొక్కటా?"

"పేరు వెట్టి పిలిస్తే అది వస్తదక్కా. అంతమంది కలిసి పిలిస్తే ఉరికొస్తది. వచ్చి సూస్తే నేనుండ ఆడ. మల్ల ఒక్కతే ఎనకకు పోవాలె."

రవిక పిండి తీగ మీద వేసింది. ఫోన్‌లో ఉన్నది కూడా తుడిచెయ్యమంది. ఆమె ముందే తుడిచేశాను. ప్రోగ్రామ్‌కు రమ్మన్నాను. ఆ రోజు ముసలాయనను విడిచిపెట్టి రాలేనంది. ఆ తరువాత నేను చాలాసార్లు ఫోన్ చేశాను. ఎత్తేది, మంచిగా మాట్లాడేది, సంయుక్తను అడిగేది. ఇంటికి రమ్మంటే మాత్రం ప్రతిసారీ ఏదో ఒక పని చెప్పేది. మళ్లీ మా గడప తొక్కలేదు.

*

జయశ్రీని, అభిజిత్‌ను ఇద్దరినీ కూర్చోబెట్టి అంతా చెప్పాను. ప్రోగ్రామ్‌కు ఇంకా పన్నెండు రోజులుంది.

"ఆంటీ, ఆ పేరు మీదనే పాటంత నిలబడ్డది," అన్నాడు అభిజిత్. గొంతు పెరిగింది. "వేరే పేరు పెడ్త. లక్ష్మి అంట, ఏదో ఒకటి అంట."

"అది ఇంకెవరి బిడ్డ పేరో అయితది," అంది జయశ్రీ.

"మరి ఏం పాడాలె ఆడ?"

అతను కాగితాలు బ్యాగులో కుక్కుకుని వెళ్లిపోయాడు. రెండు రోజులు రాలేదు. మూడో రోజు వచ్చి కొత్త కాగితాలు పంచాడు. నా వైపు చూడలేదు. పేరున్న మూడు చోట్లా గీత కొట్టి ఉంది. అక్కడ నాలుగు గొంతులూ ఊరుకోవాలి. సొప్రానోలు పైకి వెళ్లడానికి ఊపిరి తీసుకుని, ఏమీ అనకుండా ఆగాలి. రెండు తాళాల సేపు. మా ఆల్టోల స్వరం కూడా తీసేశాడు. అతను తన ల్యాప్‌టాప్‌లో ఉన్న రికార్డింగ్ కూడా తీసేశాడని జయశ్రీ తరువాత చెప్పింది.

ఆమెతో నేను మానేస్తానన్నాను.

"మానేస్తే నీకు నిమ్మళం. నాకు ఆల్టోలు మల్ల నలుగురే మిగుల్తరు," అంది కళ్లజోడు తుడుచుకుంటూ. "నాకు అబద్ధం చెప్పినవ్. అది నేను మర్వ. కానీ పాడు."

నవంబరు మూడో శనివారం సాయంత్రం నాలుగింటికి ప్రోగ్రామ్. నూటయాభై కుర్చీలు వేస్తే నూటపది నిండాయి. మూడో వరుస చివర గోవర్ధన్ కూర్చున్నాడు. గుండు మీద నెరిసిన వెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. ముందు రెక్వియమ్ పాడాం. మగవాళ్లలో పై గొంతు పాడే టెనర్లు ఒక చోట ముందే ఎత్తుకున్నారు. మిగతాది బాగానే వచ్చింది. మధ్యలో పావుగంట చాయ్, బిస్కెట్లు. తరువాత 'మోసినవాళ్లు'.

మగ గొంతులు సగం జడ దగ్గర మొదలుపెట్టగానే గోవర్ధన్ తలెత్తాడు. కిటికీ మాట వచ్చేసరికి రెండు చేతులతో ముందు కుర్చీ పట్టుకున్నాడు. మొదటి ఖాళీ వచ్చింది. సొప్రానోలు ఊపిరి పీల్చారు, అందరం ఆగిపోయాం. ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు, బయట ఆటో హారన్. వెనక ఎవరో పాట అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టి, నాలుక కరుచుకున్నారు. రెండో ఖాళీకి ఎవరూ కొట్టలేదు. మూడో దానికి మాతో కలిపి నూటయాభై మంది ఊపిరి బిగబట్టినట్టు తెలిసింది. నోరు తెరిచి ఏమీ అనకుండా నిలబడటం అంత కష్టమని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ అమ్మాయిలకు కూడా తెలిసి ఉండదు.

*

గోవర్ధన్, నేను నడిచే బయల్దేరాం. చిక్కడపల్లి రోడ్డు సగం దాటాక ఆయన అడిగాడు.

"అవి తిమ్మమ్మ మాటలు కదా?"

"అవును."

"నడుమ నడుమ ఆగిన్రెందుకు? మర్చిపోయిన్రా?"

చెప్పొద్దని తిమ్మమ్మ అంది. కానీ ఇంకో అబద్ధం మోసే ఓపిక నాలో లేదు. మొత్తం చెప్పాను. ఫోన్ సంగతి, నర్మద సంగతి, నేను జయశ్రీకి చెప్పిన అబద్ధం సంగతి. ఆయన నడక నెమ్మదైంది. ఒక మూసిన దుకాణం మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు.

"అంటే ఆమె అమ్మ కోసం ఏడ్వలేదా? అమ్మ కోసం ఒక్కరన్న ఏడ్చిన్రని నేను..." అని ఆపేశాడు.

"మొదలు అమ్మ కోసమే. మీరు కిందికి పోయినంక అటు పోయింది."

"అమ్మ కోసం ఎంతసేపు?"

తుడిచెయ్యకముందు ఆ రికార్డింగ్ ఎన్నోసార్లు విన్నాను కాబట్టి నాకు తెలుసు. "నిమిషమున్నర ఉంటది," అన్నాను.

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. "నేను గంత కూడ ఏడ్వలే," అన్నాడు.

"నేను కూడ."

పక్కన కూర్చున్నాను. రోజంతా నిలబడి కాళ్లు లాగుతున్నాయి. కోచింగ్ సెంటర్ వదిలిన పిల్లలు పుస్తకాలు పట్టుకుని మా ముందు నుంచి గుంపులుగా పోతున్నారు. ఎవరో ఒకతను ఈ దుకాణం రేపు తీస్తారా అని అడిగాడు. తెలియదన్నాను. అప్పుడు నా భుజానికి ఆనిన ఆయన భుజం కదిలింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. చప్పుడు లేదు. నేను తిరిగి చూడలేదు, చెయ్యి పట్టుకోలేదు, ఊరుకోమని అనలేదు. ఆయన అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను.